సున్నం గీతల్లో ఎర్రకోట

తొమ్మిదీ ఇరవైకల్లా ఎర్రకోట తయారైంది.

రాజోలు పక్కనున్న ఆ మిషన్ హైస్కూలు ఆటస్థలంలో, ఈ గోల్‌పోస్టు నించి ఆ గోల్‌పోస్టు దాకా తెల్లటి సున్నం గీతలు. ఉత్తరం కొసన చిన్న చదరం, అది ముత్యాల మసీదు. దానికి దక్షిణంగా పెద్ద చదరం, చక్రవర్తి కొలువుదీరిన దివానే ఖాస్. ఇంకా దక్షిణంగా ఖాస్ మహలు, దాని తూర్పు అంచుకి అతికించినట్టు ఎనిమిది మూలల బురుజు. ఈ మూడింటి వెనకా తూర్పు పొడుగునా గీసిన గీత కోట గోడ. ఢిల్లీలో అయితే ఆ గోడ అవతల ముప్ఫై అడుగుల లోతు. ఇక్కడ మాత్రం రాత్రి కాల్చిన దీపావళి టపాకాయల కాగితాలు పడున్నాయి.

సాలమోను సున్నం డబ్బా కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. వయసు నలభై ఆరు. పోలీసుల్లో చేరకముందు ఆరేళ్ళు సర్వే శాఖలో కొలత గొలుసు లాగినవాడు. దొంగ పంచనామా మీద సంతకం పెట్టనన్నందుకు పోలీసు ఉద్యోగం పోయింది. అప్పట్నించి రాజోలు సెంటర్లో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకుని బతుకుతున్నాడు గాని, దేన్నైనా అంగలతో కొలిచి చూస్తేనే నమ్మే అలవాటు మాత్రం పోలేదు. కిందటి వారం ఢిల్లీ వెళ్ళి రెండు రోజులపాటు టిక్కెట్టు కొనుక్కుని కోటలో తిరిగాడు. జనం పాలరాతి కమానుల్ని చూస్తుంటే ఇతను తల వంచుకుని అంగలు లెక్కపెట్టాడు.

అతన్ని పంపింది జ్ఞానమ్మ. చచ్చిపోయిన కృపావతి టీచరు తల్లి. ఇప్పుడు బడి వరండాలో బల్ల మీద, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

జరిగింది ఇది. దసరా సెలవుల్లో ఈ బడి టీచర్లు పదకొండుమంది ఢిల్లీ, ఆగ్రా యాత్రకి వెళ్ళారు. అక్టోబరు పద్నాలుగు, మంగళవారం. మధ్యాహ్నం మూడింటికి ఎర్రకోటలో దివానే ఖాస్ ముందు అందరూ ఫోటో దిగి, తలా ఒక దిక్కు చూడ్డానికి వెళ్ళారు. మూడూ ఇరవై అయిదుకి బురుజు వైపు నించి కేక వినిపించింది. సైన్సు టీచరు కృపావతి గోడ అవతల కింద పడి ఉంది. కాలు జారి పడిందని అక్కడి పోలీసులు రాసుకున్నారు. పార్టీ తిరిగొచ్చి రాజమండ్రి స్టేషన్లో దిగేసరికి, యాత్రకి వంట చెయ్యడానికి వెళ్ళిన ఓడలరేవు చిన్నబ్బాయి బియ్యం సంచీలో కృపావతి బంగారు గొలుసు దొరికింది. దాంతో కాలు జారడం కాస్తా గొలుసు లాగి తోసెయ్యడం అయింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పేర్రాజు అతన్ని పట్టుకుని ఢిల్లీకి తంతి ఇచ్చాడు. సోమవారం పొద్దున్న ఎస్కార్టుతో చిన్నబ్బాయిని ఢిల్లీ పంపుతారు. ఇవాళ శనివారం.

పొద్దున్న ఏడింటికి సబ్‌జైల్లో ఊచల అవతల నించి చిన్నబ్బాయి చెప్పిన మాటలు సాలమోను చెవిలో ఇంకా ఉన్నాయి.

"ఆవేళ పొద్దున్న సత్రంలో గొలుసు కొక్కెం ఊడిపోయిందండి. చిన్నబ్బాయ్, నీ దగ్గర దాచు, బజార్లో పడిపోద్దేమో అన్నారండి అమ్మగారు. బియ్యంలో పెట్టేనండి."

"ఆవిడ పోయాక ఎవరికీ చెప్పలేదేం?"

"ఆళ్ళమ్మగారి చేతికే ఇద్దారనుకున్నానండి. మధ్యలో ఎవరికిచ్చినా మాటొత్తాదని."

ఆ మాటకి సాక్ష్యం లేదు. ఉందని సాలమోనుకి అనుమానం. అందుకే ఈ సున్నం.

ముగ్గురిని పిలిపించాడు. కుట్టు టీచరు సత్యనారాయణమ్మ, రేపో మాపో రిటైరయ్యే మనిషి, మోకాళ్ళ నొప్పులు. తెలుగు టీచరు ఇందిర, ఇరవై ఆరేళ్ళది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మూడో మనిషి హెడ్మాస్టరు ఆనందరావు, యాత్రకి పెద్ద. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. పద్దెనిమిదేళ్ళుగా ఈ బడిలో పాఠాలు చెబుతున్నాడు. ఆయన చేతికింద చదువుకున్నవాళ్ళు రాజోలు తాలూకాలో ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

"పిల్లలాటలా ఉంది గానండి, మీ తృప్తి కోసం. ఆయ్, ఎక్కడ నించోమంటారు?" అన్నాడు హెడ్మాస్టరు.

"కేక వినపడ్డప్పుడు ఎక్కడున్నారో అక్కడేనండి."

ఆయన తడుముకోకుండా వెళ్ళి ముత్యాల మసీదు చదరంలో నించున్నాడు. ఇందిర దక్షిణం కొసన, మ్యూజియం అని గీసిన చోటికి వెళ్ళింది. సత్యనారాయణమ్మ కోసం దివానే ఖాస్ మెట్లున్న చోట కుర్చీ వేశారు.

"మీరు ఎటు తిరిగి కూచున్నారండీ ఆవేళ?"

"పచ్చిక వైపు నాయనా. గోడ నా వీపు వెనక. మోకాళ్ళు పీకేసి చెప్పులు విప్పి కూలబడ్డాను."

సాలమోను చేతిలో గడియారం చూసుకున్నాడు. "నేను ఈల వేస్తాను. అదే కేక అనుకోండి. ఆవేళ ఎలా వచ్చేరో అలాగే బురుజు దగ్గరికి రండి."

ఈల మోగింది.

హెడ్మాస్టరు గొడుగు చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో బయల్దేరాడు. మసీదు గీత దాటి, పచ్చిక వెంబడి, సత్యనారాయణమ్మ కుర్చీ ముందునించి గాలి తగిలేంత దగ్గరగా వెళ్ళి బురుజులో ఆగాడు. యాభై ఎనిమిది సెకన్లు. ఇందిర ఆ వెనక చేరింది.

సత్యనారాయణమ్మ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. తన ముందునించి వెళ్ళిన మనిషి కేసే చూస్తూ ఉండిపోయింది.

"ఏమండీ, లేవలేదేం?"

"ఇలా కాదు నాయనా," అంది ఆవిడ మెల్లిగా. "ఆవేళ ఈయన నా ముందునించి వెళ్ళలేదు. నేను కేక విని, మెట్టు పట్టుకుని లేచి, అటు తిరిగేసరికి ఈయన ఎదురొచ్చేరు. రాకండి అమ్మా, చూడలేరు, అని నన్ను ఆపేరు."

"మీకు గాభరాలో గుర్తుండదండి," అన్నాడు హెడ్మాస్టరు. గొంతులో మర్యాద తగ్గలేదు. "నేను ముందే వెళ్ళి, చూసి, తిరిగి వస్తున్నాను."

"లేవడానికి నాకు నిమిషం పట్టి ఉంటే కదండీ? పావు నిమిషం పట్టలేదు. చెప్పులు కూడా అక్కడే వదిలేసేను."

సాలమోను అడిగాడు. "హెడ్మాస్టారు గారూ, మసీదు నించి బురుజు నూట నలభై అంగలు. ఆవిడ కళ్ళముందు నించి కాకుండా ఇంకో దారుందాండీ?"

"వెనకనించి వచ్చేనేమో."

"వెనక కోట గోడండి. మధ్యలో కటకటాలు. నేను వెళ్ళి తడిమి చూసొచ్చేను."

హెడ్మాస్టరు జవాబు చెప్పేలోగా గేటు దగ్గర జీపు ఆగింది.

పేర్రాజు దిగాడు. కర్ర చంకలో పెట్టుకుని సూటిగా గీతల మీంచే నడిచొచ్చాడు. బూట్ల కింద మసీదు సగం చెరిగింది.

"ఏవయ్యా సాలమోను, చక్రవర్తివి అయిపోయావా? ఎవడి పర్మిషన్‌తో సాక్షుల్ని పిలిపించావు?"

"సెలవురోజు, వాళ్ళ బడి, వాళ్ళిష్టమండి."

"సోమవారం నా ఖైదీ రైలెక్కుతాడు. నీ ముగ్గులు చూసి ఢిల్లీ కోర్టు ఆగుతుందా? గొలుసు దొరికింది. మూడింటికి వాడు మంచినీళ్ళ కడవతో కోటలోకి వెళ్ళాడు, టిక్కెట్టు ముక్క జేబులో ఉంది. ఇంకేం కావాలి?"

"ఒక్కటే అడుగుతానండి. స్టేషన్లో పదకొండుమంది సామాను ఉంది. నేరుగా బియ్యం సంచీయే ఎందుకు విప్పేరు?"

"హెడ్మాస్టారు గారికి వాడి మీద అనుమానం వచ్చింది. చెప్పేరు."

"సంచీ అని కూడా చెప్పేరా?"

"చెప్పేరయ్యా! అయితే?"

సాలమోను చొక్కా లోపలినించి కవరు తీశాడు. "హెడ్మాస్టారు గారి కెమెరా ఫిల్ముకి పన్నెండు బొమ్మలండి. అందరికీ పంచినవి పదకొండు. పన్నెండోది పాడైపోయిందన్నారు. అమలాపురంలో కడిగిన స్టూడియోలో నెగెటివ్ ఉంది. ప్రింటు తీయించేను. మూడింటికి, అందరూ విడిపోబోయే ముందు తీసిన బొమ్మ. కృపావతి గారి మెడ చూడండి."

పేర్రాజు ఫోటోని ఎండకేసి పట్టుకున్నాడు. వెనక పాలరాతి స్తంభాలు, ముందు రెండు వరసల్లో టీచర్లు. మధ్యలో కృపావతి, కొద్దిగా తల వంచి. మెడ బోసిగా ఉంది.

"మూడూ ఇరవై అయిదుకి లాగిన గొలుసు మూడింటికే మెడలో లేదండి."

"అంతకుముందే కొట్టేసి ఉంటాడు."

"కొట్టేసిన గొలుసు కోసం మళ్ళీ మనిషిని చంపడం దేనికండీ?"

పేర్రాజు మొహం ఎర్రబడింది. "నాకు పాఠం చెప్పకు. నిన్ను డిపార్టుమెంటు నించి గెంటేసింది ఈ వేళాకోళానికే. దాచమని ఆవిడే ఇచ్చిందంటాడు వాడు, ఇచ్చిందని చెప్పే మనిషేడీ?"

బడి గోడవారన కూర్చున్న చిన్నబ్బాయి పెళ్ళాం చిన్నతల్లి ఆ మాటకి కొంగు నోట్లో కుక్కుకుంది.

సాలమోను ఇందిర కేసి చూడలేదు. చూస్తే బెదురుతుందని తెలుసు. బురుజు గీతని మాత్రం చూస్తూ అన్నాడు. "సత్రంలో కృపావతి గారూ మీరూ ఒకే గదిలో ఉన్నారండి, ఇందిర గారూ."

ఇందిర చేతిలో రుమాలు నలుగుతోంది. హెడ్మాస్టరు నెమ్మదిగా అన్నాడు. "ఆవిణ్ణి ఎందుకండీ ఇందులోకి లాగడం. చిన్నపిల్ల. వచ్చే నెల్లో కాగితాలు పంపాలి ఆవిడవి."

ఆ మాటే ఆయన అనకుండా ఉంటే ఇందిర ఇంకొన్నాళ్ళు నోరు మెదపకపోయేదేమో. తలెత్తింది. "ఇచ్చేరండి. నా ఎదురుగానే ఇచ్చేరు. కొక్కెం ఊడిపోతే చిన్నబ్బాయి చేతికిచ్చి బియ్యంలో దాచమన్నారు. మాస్టారు గారూ గుమ్మంలో ఉన్నారు, చూసేరు. రైల్లో నాతో అన్నారు, పోలీసుల గొడవల్లో ఆడపిల్ల మాట వినపడకూడదు, ఉద్యోగానికి మంచిది కాదని. నేను భయపడ్డానండి." చిన్నతల్లి వైపు తిరిగింది. "నన్ను క్షమించమ్మా. ఇరవై రోజులు నీ మొగుణ్ణి జైల్లో పెట్టించింది నేనే."

చిన్నతల్లి లేచొచ్చి ఇందిర చెయ్యి పట్టుకుని పెద్దగా ఏడ్చింది.

పేర్రాజు కర్రతో బూటు మీద కొట్టుకున్నాడు. అతను మొండివాడే గాని తెలివితక్కువవాడు కాదు. గొంతు తగ్గించాడు.

"సరేనయ్యా. వంటవాడు కాదనుకుందాం. ఈయన మసీదులో లేడు, అబద్ధం చెప్పేడు, అదీ ఒప్పుకుందాం. ఎందుకు చంపుతాడు? జ్ఞానమ్మ గారింట్లో అన్నం తిని పైకొచ్చిన మనిషి. కారణం చెప్పు, ఇప్పుడే బేడీలు వేస్తా."

సాలమోనుకి మూడు రాత్రులు ఆలోచించినా దొరకనిది అదే. ఎత్తంటే కృపావతికి భయమని, పేరూరు వంతెన మీద కూడా బస్సులో కళ్ళు మూసుకునేదని జ్ఞానమ్మ చెప్పింది. అలాంటి మనిషి బురుజు అంచుదాకా వెళ్ళిందంటే, ఎవరికీ వినపడకూడని మాట ఏదో ఉండాలి. ఆ మాటేమిటి?

హెడ్మాస్టరు గొడుగు విప్పాడు. "నాకు పెళ్ళి పిలుపుందండి. సెలవిప్పిస్తే..."

"ఫోటోలో ఈ మిలిటరీవాడెవడు?" అన్నాడు పేర్రాజు ఉన్నట్టుండి. వెనక వరస చివర ఖాకీ బట్టల్లో ఒక మనిషి నవ్వుతూ నించున్నాడు.

"ఎవరో దారిన పోయేవాడండి," అన్నాడు హెడ్మాస్టరు. ఆ ఒక్క మాటా కాస్త తొందరగా వచ్చింది.

"అదేంటండీ," అంది సత్యనారాయణమ్మ. "మన ఆలమూరు ఆయన కదా. కోటలోనే పటాలంలో పని. తెలుగు వినపడిందని పరిగెత్తుకొచ్చేడు పాపం. కృపావతితో ఎంతసేపు మాట్లాడేడో."

"బుధవారం ఈవిడ చెప్పగానే ఆలమూరు పోస్టుమాస్టరు గారికి కార్డు రాసేనండి," అన్నాడు సాలమోను. "మిలిటరీ ముసలయ్య గారి తాలూకు ఎవరైనా ఉంటే శనివారం పదింటి బస్సుకి రమ్మని."

పదీ పదికి వచ్చింది వీరవేణి. ముసలయ్య భార్య. పి.గన్నవరంలో బస్సు మారాల్సి వచ్చి ఆలస్యమైందని చెప్పి, నడుముకి చెక్కుకున్న చిన్న సంచీ లోంచి మడతలు నలిగిన ఇన్లండు లెటరు తీసింది.

"కోటలో మనవాళ్ళు కనపడ్డారని రాసేరండి మా ఆయన. టీచరమ్మ పోయిన సంగతి ఆయనకింకా తెలీదనుకుంటానండి. ఆవేళే డ్యూటీకి వేరే ఊరు పంపేసేరంట. అందులో ఒక ముక్క నాకేమీ బోధపళ్ళేదండి. ఎవరికైనా చూపిద్దారంటే భయమేసింది."

ఉత్తరం ఇందిర అందుకుంది. పైకి చదివింది.

"'...ఆ టీచరు గారు చాలా మర్యాదస్తురాలు. మీ హెడ్మాస్టరు గారెవరండీ అంటే, మన పక్క ఊరాయనే, ఆనందరావు గారని తండ్రి పేరుతో సహా చెప్పేరు. నాకు నవ్వొచ్చింది. ఆ ఆనందరావూ నేనూ ట్రైనింగు స్కూల్లో ఒక్క బెంచీ మీద కూచున్నాం. అరవై రెండులో టైఫాయిడొచ్చి పోయేడు. గొయ్యి తవ్వినవాళ్ళలో నేనొకణ్ణి. ఆవిడ నమ్మలేదు. అడుగో ఆయనే అని దూరం నించి చూపించేరు. నడక చూసి పోల్చేసేను. ఆనందరావు మేనత్త కొడుకు...'"

ఇందిర కాగితం మీంచి తలెత్తి హెడ్మాస్టరు కేసి చూసింది.

"చదవమ్మా," అన్నాడు పేర్రాజు.

"'మేనత్త కొడుకు బాబూరావు. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పేడు. ఆనందరావు పోయిన నెల్లో అతని ట్రంకుపెట్టె, అందులో సర్టిఫికెట్లు పట్టుకుని ఊరొదిలి పోయేడని అప్పట్లో అనుకున్నారు. అదే ఆవిడతో అన్నాను. ఆవిడ నవ్వలేదు. వాళ్ళ మధ్య పుల్ల పెట్టేనేమోనని అప్పట్నించి మనసు పీకుతోంది...'"

గాలికి కొబ్బరాకులు గలగలమన్నాయి. పేర్రాజు రెండడుగులు వేసి హెడ్మాస్టరు పక్కన నించున్నాడు. ఈసారి గీత తొక్కలేదు.

హెడ్మాస్టరు పారిపోవడానికి చూడలేదు. గొడుగు ముడిచాడు. పక్కనే ఉన్న కుర్చీలో, సత్యనారాయణమ్మ లేచిన కుర్చీలో, అడక్కుండా కూర్చున్నాడు.

"పాఠాలు నేనే చెప్పేనండి," అన్నాడు ఎవరితోనో తెలీకుండా. "సర్టిఫికెట్టు అతనిది. పాఠాలు మాత్రం నావే. బి.ఎ. కూడా ప్రైవేటుగా కట్టి నేనే ప్యాసయ్యేను."

"అతని పేరు మీద," అన్నాడు సాలమోను.

"ఆయ్. అతని పేరు మీదే."

జ్ఞానమ్మ వరండా దిగింది. పొద్దుట్నించి ఒక్క మాట మాట్లాడని మనిషి. నెమ్మదిగా గ్రౌండు దాటి వచ్చి అతని ఎదురుగా నించుంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఊరికి కొత్తగా వచ్చిన కుర్ర మాస్టరుకి ఆరు నెలలపాటు అన్నం పెట్టింది ఆవిడే. ఆరో క్లాసు చదివే కృపావతి అప్పుడు ఇతని దగ్గరే లెక్కలు నేర్చుకుంది.

సాలమోను ఆవిణ్ణి వారించబోయి ఆగాడు. ఆవిడ చెయ్యి ఎత్తలేదు, గొంతు పెంచలేదు.

"నా బిడ్డ ఏమంది నాయనా, ఆఖర్న?"

అతను గొడుగు కొసని సున్నం గీత మీద గుచ్చాడు.

"చెప్పు. నాకది కావాలి. తిట్టిందా?"

"లేదండి," అన్నాడు. "తిడితే బాగుండేదండి. సర్టిఫికెట్ల సంగతి ఒకటి అడగాలంటే, ఎవరికీ వినపడని చోట మాట్లాడదాం రమ్మని నేనే అక్కడికి తీసికెళ్ళేను. భయం భయంగా గోడ పట్టుకుని వచ్చింది. నేను ఏం చెప్పాలా అని నది వైపు చూస్తున్నాను. వెనకనించి మెత్తగా అందండి. 'బాబూరావు గారూ, మీరే వెళ్ళి పైవాళ్ళకి చెప్పెయ్యండి, నేనూ మీతో వస్తాను' అని."

చిన్నతల్లి ఏడుపు ఆగిపోయింది. పేర్రాజు చేతిలో బేడీలు తెరిచి ఉన్నాయి గాని వెయ్యడం మర్చిపోయాడు.

"పద్దెనిమిదేళ్ళయిందండి ఆ పేరు విని. ఇంకెవర్నో పిలుస్తోందనుకుని ముందు చుట్టూ చూసేనండి. ఎవరూ లేరు. ఆ పేరుగలవాణ్ణి నేనే, అది తెలిసిన మనిషి తనొక్కతే. అప్పుడు తోసేనండి."